బస్టాపు దాటిన భయం

పెద్దమ్మ దయ్యాలను దూరంతో కొలిచేది. సాయంత్రం చూసిన సినిమా భయం మర్నాడు పొద్దున్న తనతో ఎక్కడి దాకా వచ్చిందన్నదే ఆవిడ లెక్క. పళ్ళు తోముకునేలోపు దిగిపోతే అది చెత్త సినిమా. కాఫీ దాకా ఉంటే ఫరవాలేదు. మెట్లు దిగి బస్టాపు దాకా వస్తే మంచిది. బస్సెక్కి, బస్సు దిగి, ఆవిడ పనిచేసే స్కానింగ్ సెంటరు గుమ్మంలోకి కూడా వచ్చిందంటే ఇక ఆ సినిమా తీసినవాడి పేరు తలుచుకుని చెంపలు వేసుకునేది. "మహానుభావుడే! నన్ను గది దాకా దిగబెట్టాడు" అనేది.

ఇంతకీ లోకంలో ఆవిడంత భయస్తురాలు ఇంకొకరు లేరు. కుక్కరు కూత వేస్తే కెవ్వుమనేది. ఎవరైనా గొడుగు తెరిస్తే రెండడుగులు వెనక్కి గెంతేది. తాళంచెవి మరిచిపోయి వచ్చిన రోజున తన ఇంటి కాలింగ్ బెల్లు తనే నొక్కి, ఆ మోతకు తనే ఉలిక్కిపడి, చేతిలో సంచీ జారవిడిచిన మనిషి. అలాంటి మనిషి ఏడాది పొడుగునా వచ్చిన ఏ దయ్యం సినిమానూ వదిలేది కాదు. దయ్యాల నవలలు, దయ్యాల సీరియళ్ళు, అన్నీ కావాలి. వంటింట్లో పప్పుల డబ్బాల వెనక కూడా ఒక పుస్తకం ఉండేది. కూర ఉడుకుతుండగా నాలుగు పేజీలు చదివి, గరిటె ఎత్తి పట్టుకుని హాల్లోకి పరిగెత్తుకొచ్చేది.

హాల్లో పెదనాన్న ఉండేవాడు. సిటీ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. జీవితమంతా కళ్ళు తెరుచుకుని కూర్చోవలసి వచ్చింది కనుక, ఇప్పుడు ఎక్కడ కూర్చున్నా కళ్ళు మూసుకునేవాడు. పెద్దమ్మ సినిమా చూసేటప్పుడు ఆయన పక్కన ఉండి తీరాలి. ఆయన చూడనక్కర్లేదు, చెయ్యి ఇస్తే చాలు.

"ఏవండీ, నిద్రపోయారా?"

"లేదు."

"తలుపు వెనక ఎవరున్నారో చెప్పండి చూద్దాం."

"కండక్టరు."

ఆ తర్వాత పెద్దమ్మ కేక, ఆయన ముంజేతి మీద గోళ్ళు. ఆ చెయ్యి చూసి వీధిలోవాళ్ళు ఆయన పిల్లిని పెంచుతున్నాడనుకునేవారు. ఆయన కూడా కాదనేవాడు కాదు. "గోళ్ళ సంగతి సరే, ఆ చేతులున్నాయే, ఫ్రిజ్జులోంచి తీసినట్టుంటాయి. దయ్యం పట్టుకున్నా ఇంత చల్లగా ఉండదు" అని మాత్రం వాపోయేవాడు.

వాళ్ళ పై అంతస్తులో పెద్దమ్మ చెల్లెలి కూతురు ఉండేది. రంగుల ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు. ఇంట్లో ఆమెను అందరూ థర్మామీటరు అనేవారు, ఆ పేరు పెట్టింది పెద్దమ్మే. కూతురు గువ్వ పుట్టినప్పటి నుంచి ఆమె హ్యాండ్‌బ్యాగులో ఒకటి, దిండు కింద ఒకటి, కారు డ్యాష్‌బోర్డులో ఒకటి థర్మామీటర్లు ఉండేవి. గువ్వ తుమ్మితే ఆమె మొహం మారిపోయేది. కనుబొమలు పైకి లేచి, కళ్ళు గుండ్రమై, కింది పెదవి లోపలికి వెళ్ళి, రంగంతా దిగిపోయి, కొత్త సున్నం వేసిన గోడలా అయ్యేది. గువ్వ తుమ్మకపోయినా, ఇంతసేపూ ఎందుకు తుమ్మలేదని అలాగే అయ్యేది.

"భయాన్ని దూరంతో కొలవడమేమిటి పెద్దమ్మా? కొలవాలనుకుంటే గుండె వేగం చూడాలి" అని ఒకసారి శాస్త్రం చెప్పబోయింది.

"గుండె ఎప్పుడూ నాతోనే వస్తుంది కదే. భయం ఎక్కడ దిగిపోయిందో దానికేం తెలుస్తుంది?"

"పోనీ, చేతులెందుకు చల్లబడతాయో తెలుసా? భయమేస్తే రక్తం వేళ్ళ చివర్ల నుంచి లోపలికి..."

"తెలుసు తల్లీ" అంది పెద్దమ్మ తన వేళ్ళను ముద్దుగా చూసుకుంటూ. "నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?"

ఏటేటా డిసెంబరు చివరి ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ ఇంట్లో దయ్యాల ఫలితాలు వెలువడేవి. ఆ ఏడాది వచ్చిన భయాల్లో ఉత్తమ పుస్తకం, ఉత్తమ సినిమా, ఉత్తమ సీరియలు. ప్రకటించేది పెద్దమ్మ, చప్పట్లు కొట్టేది థర్మామీటరు కుటుంబం, మెలకువ వచ్చినప్పుడు పెదనాన్న. ఆ సంవత్సరం పోటీ చాలా గట్టిగా నడిచింది.

మొదట వచ్చింది 'ఎముకల కొండ' నాలుగో భాగం. ఊరంతా పోస్టర్లు. తెర నిండా నెత్తురు. థియేటరు నుంచి తిరిగొచ్చిన పెద్దమ్మ మర్నాడు కాఫీ కప్పు పట్టుకుని చాలా దిగులుగా మెట్ల మీద కూర్చుంది. అప్పుడే కిందికి దిగుతున్న థర్మామీటరు ఆగింది.

"ఏమైంది పెద్దమ్మా? అంత భయంగా ఉందా?"

"ఏదీ భయం? పళ్ళు తోముకుంటుంటే నురగతో పాటు పోయింది. అన్ని తలకాయలు నరికారు, ఒక్కటీ నా వెంట రాలేదు!" కాఫీ ఒక గుక్క తాగి అంది. "నెత్తురు భయం కాదే. నెత్తురు మరక. కడిగితే పోతుంది."

తర్వాత 'తడిచెప్పులు' అనే నవల. అందులో ఒక ఒంటరి మనిషి. రోజూ పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మం బయట ఒక జత తడి చెప్పులుంటాయి. ముందు అవి వీధి వైపు తిరిగి ఉంటాయి. పుస్తకం నడిచేకొద్దీ కొంచెం కొంచెంగా ఇంటి వైపు తిరుగుతాయి. అంతే కథ. ఎవరూ చావరు, ఎవరూ అరవరు. పెద్దమ్మ అది చెబుతుంటే వింటున్న థర్మామీటరు కాళ్ళు సోఫా మీదికి లాక్కుంది.

"ఆఖరున ఏమవుతుంది?"

"ఆఖరి పేజీలో చెప్పులు పొడిగా ఉంటాయి."

ఆ మాటకు పెదనాన్న కూడా ఒక కన్ను తెరిచి, తన చెప్పులు ఎక్కడున్నాయో చూసుకుని, మళ్ళీ మూసుకున్నాడు. ఆ నవల భయం పెద్దమ్మతో బస్టాపు దాటింది. బస్సులో సీటు కూడా సంపాదించిందట.

వేసవి తర్వాత 'కుట్టుమిషను ఆగలేదు' అనే సినిమా. తల్లి చనిపోయిన ఇంట్లో ఆమె కుట్టుమిషను దానంతటదే ఆడుతుంటుంది. అందరూ పారిపోతారు. చివరికి చిన్నకూతురు దగ్గరికెళ్ళి చూస్తే, అది ఆ పిల్లకే గౌను కుడుతుంటుంది, కానీ కొలత ఇప్పటిది కాదు, పెద్దయ్యాక వేసుకునేది. పెద్దమ్మ అది చెబుతూ అరిచింది, చెబుతూ ఏడ్చింది. "ఇది భయమో ప్రేమో తేలక సగం దూరమే వచ్చిందే. బస్టాపులో నిలబడి ఏ బస్సు ఎక్కాలో తెలియక ఆగిపోయింది" అని తీర్పు చెప్పింది.

సీరియళ్ళలో 'నాలుగున్నరో అంతస్తు'. ఒక లిఫ్టు అప్పుడప్పుడు నాలుగుకీ అయిదుకీ మధ్య ఆగి తలుపులు తెరుస్తుంది. అక్కడ ఒక వరండా ఉంటుంది. వరండాలో లిఫ్టు కోసం ఎదురుచూస్తూ జనం నిలబడి ఉంటారు. వాళ్ళు ఎక్కరు. "మీరు వెళ్ళండి, మేం తర్వాత వస్తాం" అంటారు, ఎంతో మర్యాదగా. ఈ సీరియలు నడిచినన్నాళ్ళూ పెద్దమ్మ పనిచేసేచోట లిఫ్టు ఎక్కలేదు. మెట్లెక్కి, రొప్పుతూ, వణుకుతూ, ఎంతో సంతోషంగా పనిలోకి దిగేది.

"ఇంత భయం మోసుకుని పనికెళ్ళడం ఎందుకు పెద్దమ్మా? ఇంట్లో పెట్టి వెళ్ళకూడదూ?"

"ఇంట్లో పెడితే ఏం లాభమే? ఇంట్లో మీ పెదనాన్న తప్ప ఎవరున్నారు?"

ఎవరికీ అర్థం కాలేదు. పెద్దమ్మ మాటలు సగం ఎప్పుడూ అర్థమయ్యేవి కావు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఏడాది చలికాలం మొదలవుతుండగా గువ్వకు తలనొప్పి పట్టుకుంది. అయిదేళ్ళ పిల్ల పొద్దున్నే లేచి, తల పట్టుకుని, వాంతి చేసుకునేది. ఒకసారి, మళ్ళీ ఒకసారి, మళ్ళీ. థర్మామీటరు మొహానికి ఇంక రంగు తిరిగి రావడం మానేసింది. జ్వరం లేదు. ఆమె దగ్గరున్న సామగ్రి అంతా జ్వరానికే కదా! పిల్లల డాక్టరమ్మ అంతా చూసి, "ఏమీ ఉండదనే నా నమ్మకం. కానీ పొద్దున్నే వాంతులంటున్నారు కనుక తలకు ఎమ్మారై తీయించేద్దాం. ఆలస్యం చేయొద్దు" అంది.

మొదటి వాక్యం థర్మామీటరు చెవిలో పడలేదు. చివరిది మాత్రం పడి, అక్కడే కూర్చుండిపోయింది.

పెద్దమ్మ పనిచేసేది ఎమ్మారై గదిలోనే. అందరికీ తెలుసు. అయినా థర్మామీటరు పిల్లను ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఎందుకు తీసుకెళ్తుంది? గొడుగు తెరిస్తే గెంతే మనిషి. పిల్ల లోపల కదలకుండా పడుకోవాలి, పక్కన ఈవిడ కెవ్వుమంటే ఇంకేమైనా ఉందా! అందుకని భర్తతో సంప్రదించి, పెద్దమ్మకు మాట కూడా చెప్పకుండా, ఊరి అవతల ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ అందరూ చాలా ధైర్యవంతులు. నవ్వు మొహాలతో, వెచ్చని చేతులతో, "ఏం భయం లేదు బంగారం, ఏం కాదు, అస్సలు భయపడక్కర్లేదు" అన్నారు. అంతమంది అన్నిసార్లు భయం లేదంటుంటే, ఉన్నదేదో చాలా పెద్దదే అయ్యుంటుందని గువ్వకు రూఢి అయిపోయింది. మిషను ఒక్కసారి మూలిగేసరికి బల్ల మీంచి జారి, తల్లి చంక ఎక్కి, బొత్తాలు ఊడేలా పట్టుకుంది. మత్తు ఇచ్చి తీద్దామన్నారు. మత్తు డాక్టరు వచ్చి గువ్వ దగ్గు విని, "ఈ దగ్గుతో మత్తు ఇవ్వను. ఛాతీ శుభ్రపడ్డాక రండి" అన్నాడు.

"ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"దగ్గు చెప్పాలి."

దగ్గు ఏమీ చెప్పలేదు. తలనొప్పి మాత్రం మర్నాడు మళ్ళీ వచ్చింది. థర్మామీటరు వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడి, స్టవ్వు మీద పాలు పొంగుతున్నా చూస్తూ ఉండిపోయింది. మాడు వాసనకు కింది నుంచి పెద్దమ్మ వచ్చింది. స్టవ్వు కట్టేసింది. గట్టిగా ఏమీ అడగకుండానే సంగతంతా బయటికొచ్చింది.

"నా దగ్గరికి ఎందుకు తీసుకురాలేదే?"

థర్మామీటరు తల దించుకుంది.

"నేను పిరికిదాన్ననా?"

"... అవును పెద్దమ్మా."

ఆవిడ బాధపడుతుందనుకుంది. పెద్దమ్మ మొహం మాత్రం పరీక్షలో నూటికి నూరు వచ్చినదానిలా వెలిగిపోయింది. "మంచిది. రేపు పొద్దున్నే తీసుకురా. మా డాక్టరుగారికి నేను చెబుతాను. దాని జుట్టుకు పిన్నులు పెట్టకు, ఇనుముంటే మిషను ఊరుకోదు. ఇంకో మాట, దానితో భయం లేదని మాత్రం చెప్పకు. ఇప్పటికే చాలామంది చెప్పారు."

మర్నాడు స్కానింగ్ సెంటరులో పెద్దమ్మను చూసి థర్మామీటరు గతుక్కుమంది. నీలం యూనిఫాంలో, జుట్టు బిగించి కట్టుకుని ఉంది. అయినా మొహంలో భయం అలాగే ఉంది. ఇంకా ఎక్కువుంది. మిషను నడిపే కన్సోలు దగ్గర కూర్చునే ఆయన కుర్చీ లాగితే కిర్రుమంది, ఆవిడ ఉలిక్కిపడింది. ఆయన తలెత్తకుండానే, "పిల్లల స్కానులు ఈవిడవేనండీ. ఇంకెవరం చెయ్యం. మా వల్ల కాదు" అన్నాడు.

ఎందుకు కాదో చెప్పలేదు. గువ్వ తండ్రికి ఫ్యాక్టరీలో షిఫ్టు తప్పలేదు కనుక, అద్దం ఇవతల కన్సోలు గదిలో థర్మామీటరు ఒక్కతే నిలబడింది. అవతలి మాటలు స్పీకర్లో వినిపిస్తున్నాయి.

పెద్దమ్మ గువ్వను బల్ల మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుని, గుహలాంటి ఆ మిషను వైపు చాలాసేపు అనుమానంగా చూసింది. గువ్వ కూడా చూసింది.

"పెద్దమ్మమ్మా, నీకు భయమా?"

"చచ్చేంత."

"రోజూ ఇక్కడికే వస్తావు కదా?"

"అయితే? నువ్వు రోజూ స్నానం చేస్తావు కదా, నీకు షాంపూ అంటే భయం పోయిందా?"

గువ్వ ఆలోచించింది. పోలేదు.

"ఇది అరుస్తుందే. ముందు టకటకా అంటుంది, తర్వాత ఢగఢగా అంటుంది, తర్వాత బాగా కోపమొచ్చినట్టు బర్రుమంటుంది. కరవదు, కానీ గొంతు చూడు! నాకేమో ఇక్కడ నీ కాళ్ళ దగ్గరే కూర్చోవాలి. పారిపోదామంటే ఉద్యోగం."

గువ్వ ఆవిడ చెయ్యి పట్టుకుంది. వెంటనే వదిలేసి, మళ్ళీ రెండు చేతులతో పట్టుకుంది. "అమ్మో, ఐసులా ఉంది. పెద్దమ్మమ్మా, వణుకుతోంది కూడా!"

"మరి!"

అద్దం వెనక థర్మామీటరు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అయిపోయింది, ఇంక పిల్ల ఏడుస్తుంది అనుకుంది. పిల్ల ఏడవలేదు. తల్లి తన నుదుటి మీద చెయ్యి పెట్టేటప్పుడు ఎలా చూస్తుందో, సరిగ్గా అలా చూసింది పెద్దమ్మ వైపు.

"నేను లోపల పడుకుంటా. నువ్వు నా కాలు పట్టుకో. పారిపోకు, సరేనా?"

"నువ్వు కదిలితే మాత్రం పారిపోతానే. నువ్వు కదిలావంటే లోపల ఏదో అయిందనుకుంటాను. నాకు అసలే గుండె పలచన."

"కదలను."

"చప్పుడు ఆగినప్పుడల్లా నాకు ధైర్యం చెప్పాలి. మాట్లాడకూడదు మరి. కాలి బొటనవేలు ఒకసారి ఊపు, నాకు తెలుస్తుంది. ఇదిగో, ఈ టోపీలో అద్దం ఉంది, అందులోంచి నీకు నేను కనిపిస్తాను. నా మొహం ఎలా ఉందో చూస్తూ ఉండు. మరీ పాడైపోతే నీదే బాధ్యత."

పంజరంలాంటి టోపీ పెట్టారు. చెవులు మూశారు. బల్ల లోపలికి వెళ్ళింది. చారల సాక్సు వేసుకున్న రెండు చిన్న పాదాలు, వాటిని పట్టుకుని పెద్దమ్మ. ఇంతే కనిపిస్తోంది కన్సోలు గది అద్దంలోంచి.

టకటకా మొదలైంది. పెద్దమ్మ భుజాలు ఎగిరాయి. ఢగఢగా అంది. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. పాదాలు మాత్రం కదల్లేదు. చప్పుడు ఆగింది. బొటనవేలు ఒకసారి ఊగింది, చాలా హుందాగా, పెద్ద మనిషి చిన్నవాళ్ళ భుజం తట్టినట్టు. పెద్దమ్మ నిట్టూర్చి తలూపింది. మళ్ళీ చప్పుడు. మళ్ళీ వేలు.

కన్సోలు ఆయన తెర మీద బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి తేలుతున్నాయి. "రాయిలా పడుకుందండీ. పెద్దవాళ్ళు కూడా ఇంత కదలకుండా ఉండరు" అన్నాడు. థర్మామీటరు ఆ బొమ్మలు చూడలేదు. అయస్కాంతం ఏం చేస్తుందో, నీటి కణాలు ఎలా తిరుగుతాయో అన్నీ చదువుకున్న మనిషి. వాటిలో ఏ ఒక్కటీ ఆ క్షణాన ఆమెకు అద్భుతంగా కనిపించలేదు. అయిదేళ్ళ పిల్ల ఒక బొటనవేలితో అరవై దగ్గరపడుతున్న మనిషిని మోస్తోంది. ఆ మనిషి తన భయమంతా తెచ్చి పిల్ల కాళ్ళ దగ్గర పెట్టి, పిల్ల భయాన్ని ఎటు తీసుకుపోయిందో తెలియలేదు. ఆమె అద్దానికి నుదురు ఆనించి అలాగే నిలబడిపోయింది.

బల్ల బయటికి వచ్చాక గువ్వ మొదట అడిగిన మాట, "పెద్దమ్మమ్మా, నువ్వు బాగానే ఉన్నావా?"

"నీ దయ వల్ల" అంది పెద్దమ్మ.

డాక్టరుగారు బొమ్మలు చూసేలోపు ముగ్గురూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. గువ్వ, బహుమతిగా ఇచ్చిన రంగుల స్టిక్కరు మోకాలికి అంటించుకునే పనిలో పడింది. థర్మామీటరు గొంతు తగ్గించి అంది:

"ఎంత బాగా నటించావు పెద్దమ్మా!"

"నటనా? చెయ్యి పట్టుకో."

పట్టుకుంది. ఇంకా చల్లగానే ఉంది.

"కొత్తలో ఈ మిషనంటే నాకు నిజంగానే హడలు. అప్పుడు ఏ పిల్ల వచ్చినా నన్ను ఓదార్చడంలో పడి పడుకునేది. తర్వాత అలవాటైపోయిందే. భయం పోయింది. పోతే పోయిందని నటించడం మొదలుపెట్టాను, కళ్ళు తిప్పి, పళ్ళు టకటకలాడించి. ఒక పిల్లాడు నా చెయ్యి ముట్టుకుని, 'అబద్ధం! మీ చెయ్యి వెచ్చగా ఉంది' అన్నాడు. ఇంక లోపలికి వెళితే ఒట్టు! పిల్లలకు మొహంతో పని లేదే. చెయ్యి చూస్తారు."

థర్మామీటరుకు ఏదో తడుతోంది. తడబడుతూ అంది, "అందుకని... సినిమాలు?"

"మరేం చెయ్యమంటావు? సొంత భయం అయిపోయింది, బయటి నుంచి తెచ్చుకోవాలి కదా. సాయంత్రం చూస్తే పొద్దున్న ఈ గది దాకా నిలవాలి. చాలావాటిని దారిలోనే కారిపోయేలా తీస్తున్నారు ఈమధ్య." పెద్దమ్మ నిజమైన బాధతో తల ఆడించింది. "'తడిచెప్పులు' రాసినాయన ఎవరో కానీ, ఆ ఒక్క పుస్తకంతో ఎంతమంది పిల్లలను పడుకోబెట్టానో ఆయనకు తెలియదు. ఆ లిఫ్టు సీరియలుతో ఇంకో పది మందిని. నాలుగో ఎపిసోడు చూసిన మర్నాడు చూడాలి, నన్ను చూసి జాలిపడి ఒక పిల్ల తన బొమ్మ నాకిచ్చేసింది."

ఏళ్ళ తరబడి తాము పకపకా నవ్విన ఆ బస్టాపులు, మెట్లు, కాఫీ కప్పులు ఒక్కసారిగా థర్మామీటరు కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. ప్రతి పొద్దున్నా నిండు గిన్నె తొణక్కుండా పట్టుకున్నట్టు, ఈవిడ ఆ భయాన్ని బస్సులో జాగ్రత్తగా పట్టుకొచ్చేదన్నమాట, ముక్కూ మొహం తెలియని పిల్లల కోసం.

"నిన్న ఏం చూశావు పెద్దమ్మా, ఇంత గట్టిగా నిలవడానికి?"

"ఏమీ చూడలేదే. ఏడాది చివర కదా, స్టాకు అయిపోయింది." పెద్దమ్మ గువ్వ వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. "అవసరం రాలేదు."

అప్పుడే డాక్టరుగారు తలుపు తీసుకుని వచ్చారు. తల లోపల అన్నీ ఉండవలసిన చోట ఉన్నాయన్నారు. పిల్లలకు కూడా మైగ్రేను వస్తుందని, ఇది అదేనని, మందుతో, నిద్రతో సర్దుకుంటుందని చెప్పారు. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగారు.

థర్మామీటరు నెమ్మదిగా చెయ్యెత్తింది.

"ఎప్పుడొస్తుంది మీకు?"

"ఈ పిల్ల గురించి ఆలోచించినప్పుడల్లా వస్తుందండీ."

డిసెంబరు చివరి ఆదివారం వచ్చింది. పెద్దమ్మ ఇంట్లో సోఫాలు గోడకు జరిపారు. గువ్వ ముందు వరసలో, స్టిక్కరు ఇంకా మోకాలికే ఉంది. పెద్దమ్మ గరిటెను మైకులా పట్టుకుని నిలబడింది.

"ఈ ఏడాది ఉత్తమ పుస్తకం 'తడిచెప్పులు'! బస్సులో సీటు సంపాదించిన ఏకైక నవల. ఉత్తమ సీరియలు 'నాలుగున్నరో అంతస్తు'! నా మోకాళ్ళు దాన్ని జన్మలో మరిచిపోవు. 'కుట్టుమిషను ఆగలేదు' సినిమాకు ప్రత్యేక ప్రశంస. పాపం, బస్టాపులో ఇప్పటికీ నిలబడే ఉంది. 'ఎముకల కొండ'కు..."

"కొత్త టూత్‌పేస్టు" అన్నాడు పెదనాన్న కళ్ళు మూసుకునే.

చప్పట్లు పడ్డాయి. పెద్దమ్మ గరిటె ఎత్తి అందరినీ ఆపింది.

"ఇప్పుడు అన్ని విభాగాల్లోనూ కలిపి ఈ సంవత్సరపు మహాభయం. గది దాకా రావడమే కాదు, గదిలోంచి ఇంటికి కూడా తిరిగొచ్చింది. ఇవాళ్టికీ దిగలేదు. ఇందులో మాటల్లేవు, సంగీతం లేదు, నెత్తురు లేదు. అద్దం వెనక ఒక మొహం. అంతే. బల్ల దగ్గర కూర్చుని ఒక్కసారి తలెత్తి చూశాను, నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏ డైరెక్టరూ అంత పని చెయ్యలేడు." గరిటె తిరిగి తిరిగి ఒక్కచోట ఆగింది. "విజేత, మన థర్మామీటరు!"

ఇల్లు నవ్వులతో మోగిపోయింది. గువ్వ కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టింది. కుర్చీ ఊగింది. థర్మామీటరు కనుబొమలు పైకి లేచాయి, కళ్ళు గుండ్రమయ్యాయి, రంగు దిగిపోయింది.

"అదిగో! అదే!" అని కేకవేసి పెద్దమ్మ పెదనాన్న చెయ్యి పట్టుకుంది.

కొత్త సంవత్సరంలో సెలవుల తర్వాత పెద్దమ్మ పనికి వెళ్ళే మొదటి పొద్దున్న, పై అంతస్తులో కాలింగ్ బెల్లు మోగింది. బెల్లుతో పాటు బయట చిన్న కేక కూడా వినిపించింది కనుక ఎవరో థర్మామీటరుకు వెంటనే తెలిసిపోయింది. తలుపు తీసింది. నీలం యూనిఫాంలో, భుజాన సంచీతో పెద్దమ్మ.

"ఇవాళ నాలుగేళ్ళ పిల్లాడికి స్కాను ఉందే. కొత్త సినిమాలేవీ ఇంకా రాలేదు. ఒకసారి నీ మొహం చూసి వెళదామని వచ్చాను."

"చూడు" అంది థర్మామీటరు నవ్వుతూ.

"నవ్వితే ఏం లాభం? పనికొచ్చేలా పెట్టు."

"అడిగితే రాదు పెద్దమ్మా."

పెద్దమ్మ బస్సుకు టైమైపోతోందని గడియారం చూసుకుంది. లోపలి గదిలోకి తొంగిచూసి గువ్వను కేకేసింది.

"ఏమే గువ్వా, ఇవాళ స్కూల్లో ఏంటి విశేషం?"

"పెద్ద జారుడుబల్ల తెచ్చారు పెద్దమ్మమ్మా!" లోపలి నుంచి గువ్వ ఉత్సాహంగా అరిచింది. "చాలా ఎత్తు! తల కిందికి పెట్టి కూడా జారొచ్చట!"

పెద్దమ్మ చటుక్కున థర్మామీటరు మొహం వైపు తిరిగింది. రెండు క్షణాలు కన్నార్పకుండా చూసింది. తన వేళ్ళను తనే ముట్టుకుని చూసుకుంది.

"చాలు చాలు" అంటూ సంచీ సర్దుకుని గబగబా మెట్లు దిగింది. "గది దాకా సరిపోతుంది!"